సింగిల్ స్పీడ్ మార్పిడి (సైకిలు)

సింగిల్ స్పీడ్ మార్పిడి అనగా అనేక గేర్లు గల పాత రోడ్డు సైకిలు నుండి గేర్లు మార్చే సామగ్రిని తొలగించి, ముందు ఒక చైన్‌వీలు, వెనుక ఒక పళ్ళచక్రం మాత్రమే ఉండేటట్లు దానిని తిరిగి అమర్చడం. ముఖ్యంగా 1970, 1980 దశకాలలో ఐరోపా, అమెరికా, జపాన్ దేశాలలో తయారైన ఉక్కు ఫ్రేము సైకిళ్ళను ఈ విధంగా మార్చి, కార్యాలయానికో కళాశాలకో రోజూ వెళ్ళి రావడానికి వాడుకుంటారు. చూడడానికి ఇది కొన్ని విడి భాగాలను ఊడదీసే పని మాత్రమే. కాని గేర్ల సైకిలులో వెనుక డీరైలరు రెండు పనులు చేస్తుంది. ఒకటి, చైనును ఒక పళ్ళచక్రం మీది నుండి మరొక దాని మీదికి జరపడం. రెండవది, ఏ గేరులో ఉన్నా చైను వేలాడకుండా బిగువుగా లాగి పట్టుకోవడం. డీరైలరును తీసివేసినపుడు మొదటి పని అవసరం పోతుంది గాని రెండవది పోదు. ఆ బిగువును ఇక మీదట ఏ భాగం ఇవ్వగలదనే దానిని బట్టే ఒక సైకిలు ఈ మార్పిడికి తగినదా కాదా అన్నది తేలుతుంది.

సింగిల్ స్పీడ్ సైకిలును ఫిక్స్‌డ్ గేరు సైకిలుతో పొరబడకూడదు. మొదటి దానిలో ఫ్రీవీలు ఉంటుంది కనుక పెడళ్ళు తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. రెండవ దానిలో పళ్ళచక్రం హబ్బుకు కదలకుండా బిగించి ఉంటుంది. చక్రం తిరిగినంత సేపూ పెడళ్ళు కూడా తిరుగుతూనే ఉంటాయి. వెలోడ్రోములలో వాడే ట్రాక్ సైకిళ్ళు రెండవ రకానివి.

నేపథ్యం

భారతదేశంలో తరతరాలుగా వాడిన నల్ల సైకిళ్ళు మొదటి నుండీ ఒకే గేరువి. పాలవాళ్ళు, తపాలా ఉద్యోగులు, బడిపిల్లలు తొక్కినవి అవే. కనుక గేర్ల సైకిలును కొని దాని గేర్లు పీకివేయడం ఇక్కడి పాఠకులకు వింతగా తోచవచ్చు. నిజానికి 1880 దశకం చివరలో రెండు సమాన చక్రాల సైకిలు వ్యాప్తిలోకి వచ్చినపుడు అన్ని దేశాలలోనూ అది ఒకే గేరుతోనే ఉండేది. 1903లో ప్రారంభమైన టూర్ డి ఫ్రాన్స్ పందెంలో 1937 వరకు డీరైలర్లను అనుమతించలేదు. పందెం స్థాపకుడైన ఆంరీ డెగ్రాంజ్ వాటికి వ్యతిరేకి. ఆ కాలపు పోటీదారులు వెనుక చక్రానికి రెండు వైపులా వేరువేరు పళ్ళ సంఖ్య గల చక్రాలు అమర్చుకొని, కొండ మొదట్లో దిగి చక్రాన్ని ఊడదీసి తిప్పి బిగించుకొని ఎక్కేవారు.

1970 దశకం తొలి సంవత్సరాలలో అమెరికాలో సైకిళ్ళ అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. అప్పుడు ఎక్కువగా అమ్ముడైనది ముందు రెండు, వెనుక ఐదు పళ్ళచక్రాలు ఉండే "టెన్ స్పీడ్" రోడ్డు సైకిలు. కొన్నవారిలో చాలామంది కొన్నాళ్ళకే వాటిని వదిలివేయడంతో ష్విన్, రాలీ, పూజో వంటి సంస్థల సైకిళ్ళు పెద్దగా వాడకుండానే షెడ్డులలో మిగిలిపోయి, తరువాతి తరానికి తక్కువ ధరకు దొరికాయి. వీటి గేరు లీవర్లు క్లిక్ శబ్దంతో నిలిచేవి కావు. తొక్కేవారు చేతి అంచనాతో గేరు పట్టుకోవలసి ఉండేది. షిమానో సంస్థ 1984లో క్లిక్ పద్ధతిని రోడ్డు సైకిళ్ళలో విజయవంతంగా ప్రవేశపెట్టిన తరువాత పాత పద్ధతి క్రమంగా వెనుకబడింది. అరిగిపోయిన పాత గేర్లన్నిటినీ మార్చే ఖర్చు చాలాసార్లు సైకిలు ధరను మించిపోతుంది. మార్పిడికి అసలు కారణం ఇదే. మిగిలిన కారణాలుగా తక్కువ బరువు, తక్కువ చప్పుడు, వానలో పాడయ్యే భాగాలు తక్కువ కావడం చెబుతారు. బరువు తగ్గేది సాధారణంగా కిలో లోపే కాబట్టి దానిని గొప్ప లాభంగా ఎంచనక్కరలేదు.

2000 దశకంలో ఈ మార్పిడి అమెరికా, ఐరోపా నగరాలలో ఒక ఫ్యాషన్‌గా మారింది. నగరాలలో ట్రాక్ సైకిళ్ళ మీద తిరిగే కొరియర్ల ప్రభావం దీని మీద ఉన్నది. దీనికి సంబంధించిన సాంకేతిక వివరాలను సామాన్యులకు అర్థమయ్యేటట్లు ఇంటర్నెట్‌లో వ్రాసి పెట్టినవారిలో అమెరికా దేశపు సైకిలు మెకానిక్కు షెల్డన్ బ్రౌన్ (1944–2008) ముఖ్యుడు.

ఫ్రేము ఎంపిక

వెనుక చక్రపు ఇరుసు కూర్చునే గాళ్ళను డ్రాపౌట్లు అంటారు. పాత రోడ్డు సైకిళ్ళలో ఇవి ఇంచుమించు అడ్డంగా, ముందు వైపుకు తెరచుకొని ఉంటాయి. నట్లు వదులు చేసి చక్రాన్ని వెనుకకు జరిపితే చైను బిగుస్తుంది, ముందుకు జరిపితే వదులవుతుంది. మన నల్ల సైకిళ్ళలో చైను బిగించేది కూడా చక్రాన్ని వెనుకకు లాగే. ఇటువంటి గాళ్ళు ఉన్న ఫ్రేము ఈ మార్పిడికి అన్ని విధాలా అనువైనది. తరువాతి కాలపు ఫ్రేములలో గాళ్ళు నిలువుగా ఉంటాయి. ఇరుసు నిట్టనిలువుగా పైకి వెళ్ళి ఒకే చోట కూర్చుంటుంది కనుక చక్రాన్ని ముందుకు వెనుకకు జరిపే వీలు లేదు.

నిలువు గాళ్ళు ఉన్న ఫ్రేమును మార్చవలసి వస్తే మూడు మార్గాలున్నాయి. స్ప్రింగుతో చైనును ఒత్తి పట్టే టెన్షనరును డీరైలరు స్థానంలో బిగించడం మొదటిది. ఇది సులభమే గాని, తీసివేసిన సామాను లాంటిదే మరొకటి తిరిగి తగిలించినట్లవుతుంది. ఇరుసు కేంద్రానికి పక్కగా ఉండే ప్రత్యేక హబ్బును వాడడం రెండవది. వైట్ ఇండస్ట్రీస్ సంస్థ తయారు చేసిన ఇనో హబ్బు ఇటువంటిది. చైను సరిగ్గా బిగువుగా కూర్చునే పళ్ళ జతను లెక్క వేసి వెదకుకోవడం మూడవది. దీనిని ఔత్సాహికులు "మ్యాజిక్ గేరు" అంటారు. మొదటి రోజు అద్భుతంగా పనిచేసినా, చైను అరిగి సాగిన కొద్దీ వదులవుతూ వస్తుంది, సర్దుబాటు చేసే దారి ఉండదు. రోజూ వాహనాల మధ్య తిరిగే సైకిలుకు దీనిని సిఫారసు చేయలేము.

ఫ్రేము గాళ్ళు బాగున్నంత మాత్రాన సైకిలు బాగున్నట్లు కాదు. కొనే ముందు గొట్టాలు కలిసే చోట్ల, గాళ్ళ దగ్గర పగుళ్ళు ఉన్నాయేమో, ముందు ఫోర్కు వెనుకకు వంగి ఉన్నదేమో చూడాలి. సీటు గొట్టం తుప్పు పట్టి ఫ్రేములో ఇరుక్కుపోవడం పాత సైకిళ్ళలో తరచు కనిపించే లోపం. దానిని ఊడదీయడం మార్పిడి మొత్తం కంటే పెద్ద పని కావచ్చు.

రేనాల్డ్స్ 531, కొలంబస్ వంటి మేలిరకం గొట్టాలతో చేసిన ఫ్రేములను మార్చేటపుడు తిరిగి పూర్వస్థితికి తేగలిగే విధంగా మార్చడం మంచిది. డీరైలరు వేలాడే కొక్కెం చాలా ఫ్రేములలో కుడి గాడితో కలిసే ఉంటుంది. అందం కోసం దానిని రంపంతో కోసివేసే అలవాటు ఒకటి ఉన్నది. కోసినందువలన సైకిలు నడకలో వచ్చే మేలు ఏమీ లేదు, ఆ ఫ్రేముకు మళ్ళీ గేర్లు అమర్చడం మాత్రం కష్టమవుతుంది.

వెనుక చక్రం

పాత చక్రాన్నే ఉంచుకోవడం చవకైన పద్ధతి. 1980 దశకం మధ్య వరకు ఎక్కువ రోడ్డు సైకిళ్ళలో ఐదారు పళ్ళచక్రాల ఫ్రీవీలును హబ్బు మీద మరలా తిప్పి బిగించేవారు. తొక్కే బలం దానిని ఏళ్ళ తరబడి మరింత బిగిస్తూ పోతుంది కాబట్టి దానిని విప్పడానికి తగిన పరికరం, గట్టి వైసు రెండూ కావాలి. ఒకసారి ఊడివచ్చిన తరువాత దాని స్థానంలో ఒకే పళ్ళచక్రం గల ఫ్రీవీలును బిగిస్తారు. బ్రిటిష్, జపాన్, అమెరికా హబ్బులలో ఈ మర 1.37 అంగుళాల వ్యాసంతో, అంగుళానికి 24 చుట్లతో ఉంటుంది. పాత ఫ్రెంచి హబ్బుల మర 34.7 మిల్లీమీటర్లది. ఈ రెండింటి మధ్య తేడా కంటికి కనిపించనంత చిన్నది. బలవంతంగా ఎక్కించే ప్రయత్నం చేస్తే హబ్బు మర చెడిపోతుంది. ఈ మరకు సరిపోయే ఫ్రీవీళ్ళలో అతి చిన్నది 16 పళ్ళది.

షిమానో సంస్థ 1978లో ప్రవేశపెట్టిన ఫ్రీహబ్ పద్ధతి చక్రాలలో ఫ్రీవీలు యంత్రాంగం హబ్బులోనే ఉంటుంది. పళ్ళచక్రాలు దాని మీదికి తొడిగినవి మాత్రమే. వీటిని మార్చడం ఇంకా సులభం. పళ్ళచక్రాలను తీసివేసి, ఒక్కదానిని కావలసిన చోట ఉంచి, మిగిలిన జాగాను వాషర్ల వంటి గొట్టపు ముక్కలతో నింపుతారు. అయితే గేర్లు మార్చడానికి తయారైన పళ్ళచక్రంలో చైను తేలికగా దిగిపోయేటట్లు పళ్ళను పొట్టిగా, వాలుగా చెక్కుతారు. ఒకే గేరుకు ఆ గుణమే దోషం. నిండు పళ్ళు గల చక్రాన్నే వాడాలి.

గాళ్ళ మధ్య వెడల్పును కూడా కొలవాలి. ఐదు గేర్ల కాలంలో అది 120 మిల్లీమీటర్లు, ఆరేడు గేర్ల కాలంలో 126, ఆ తరువాత 130. కొత్తగా కొనే సింగిల్ స్పీడ్ చక్రాలు చాలావరకు 120 మిల్లీమీటర్లవి. 126 ఉన్న ఫ్రేములో ఇరుసుకు రెండు వైపులా మూడేసి మిల్లీమీటర్ల వాషర్లు వేస్తే సరిపోతుంది. పాత చక్రాన్నే వాడేవారు మరొక విషయం గమనించాలి. అనేక పళ్ళచక్రాలకు చోటివ్వడానికి హబ్బును ఎడమకు నెట్టి, రిమ్ము మధ్యకు వచ్చేటట్లు స్పోకులను ఒకవైపు ఎక్కువగా బిగించి ఉంటారు. ఇప్పుడు ఆ జాగా అవసరం లేదు. కుడివైపు వాషర్లలో కొన్నిటిని ఎడమవైపుకు మార్చి, స్పోకులను సరిచేసి, రిమ్మును మళ్ళీ మధ్యకు తెస్తే రెండు వైపుల స్పోకుల బిగువూ దాదాపు సమానమవుతుంది. చక్రం మునుపటి కంటే గట్టిపడుతుంది. బెండు తీయడం తెలిసిన ఏ సైకిలు షాపువారైనా ఈ పని చేయగలరు.

చైను లైను

ఫ్రేము మధ్యరేఖ నుండి చైన్‌వీలుకు ఎంత దూరమో వెనుక పళ్ళచక్రానికీ అంతే దూరం ఉండాలి. అప్పుడే చైను తిన్నగా నడుస్తుంది. ట్రాక్ హబ్బులలో ఈ దూరం 42 మిల్లీమీటర్లు. రెండు చైన్‌వీళ్ళు ఉన్న పాత క్రాంకులో పెద్ద దానిని తీసివేసి, చిన్న దానిని లోపలి వైపున గాని బయటి వైపున గాని, ఏది వెనుక చక్రంతో ఎక్కువగా కలిస్తే అక్కడ బిగిస్తారు. ఒకే చైన్‌వీలుకు పాత బోల్టులు పొడవు ఎక్కువై బిగియవు కాబట్టి పొట్టి బోల్టులు కొనవలసి ఉంటుంది. ఇంకా తేడా మిగిలితే వెనుక వాషర్లను సర్దడం ద్వారా సరిచేస్తారు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వలన ఇబ్బంది లేదు. అంతకు మించితే మొదట చప్పుడు వస్తుంది, పళ్ళు ఒకవైపు అరుగుతాయి, చివరకు చైను పడిపోతుంది.

చైను పడిపోవడం సింగిల్ స్పీడ్ సైకిలులో చిన్న విషయం కాదు. గేరు తగ్గించే వీలు లేదు కనుక సిగ్నలు దగ్గర కదిలేటపుడు, ఎత్తు ఎక్కేటపుడు తొక్కేవారు సీటు మీది నుండి లేచి ఒంటి బరువంతా ఒక పెడలు మీద వేస్తారు. ఆ క్షణంలో చైను జారితే పెడలు ఒక్కసారిగా కిందికి పోయి మనిషి ఫ్రేము మీదనో, హ్యాండిలు మీదుగా రోడ్డు మీదనో పడతాడు. వెనుక వాహనాలు ఉన్న చోట ఇది ప్రాణం మీదికి రావచ్చు.

గేరు నిష్పత్తి

ముందు పళ్ళ సంఖ్యను వెనుక పళ్ళ సంఖ్యతో భాగించి చక్రపు వ్యాసంతో గుణిస్తే వచ్చే సంఖ్యను గేరు అంగుళాలు అంటారు. పెద్ద ముందు చక్రానికే పెడళ్ళు ఉండే పూర్వపు సైకిళ్ళ నుండి వచ్చిన కొలత ఇది. 70 గేరు అంగుళాలు అంటే 70 అంగుళాల వ్యాసం గల చక్రాన్ని నేరుగా తొక్కుతున్నట్లు.

టెన్ స్పీడ్ సైకిళ్ళలో చిన్న చైన్‌వీలుకు తరచు 42 పళ్ళు ఉంటాయి. చక్రాన్ని 27 అంగుళాలుగా తీసుకుంటే, వెనుక 16 పళ్ళు వేసినపుడు సుమారు 71, 17 వేసినపుడు 67, 18 వేసినపుడు 63 గేరు అంగుళాలు వస్తాయి. మన 28 అంగుళాల నల్ల సైకిళ్ళలో ఎక్కువగా కనిపించే 44, 18 పళ్ళ జతకు లెక్క వేస్తే సుమారు 68 వస్తుంది. అంటే గేర్లు తీసివేసినవారు ప్రయత్నించి ప్రయత్నించి చేరుకునే చోటు పాలవాని సైకిలుకు దగ్గరలోనే ఉన్నది.

42, 17 పళ్ళ జతతో నిమిషానికి 80 చుట్లు తొక్కితే వేగం గంటకు సుమారు 25 కిలోమీటర్లు ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల వంటి చదును నేల మీద ఇది హాయిగా ఉంటుంది. విశాఖపట్నం వంటి ఎగుడుదిగుడు ఊళ్ళలో 60 ప్రాంతానికి దిగడం మంచిది. పెద్ద గేరు పెట్టుకోవడం కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు. ఖాళీ రోడ్డు మీద మొదటిసారి తొక్కి చూసినపుడు అది బాగుందనిపిస్తుంది. ఎదురుగాలిలో, వీపు మీద బరువుతో, ప్రతి కూడలిలో ఆగి కదలవలసినపుడు ఆ భారమంతా మోకాళ్ళ మీద పడుతుంది. ఫ్రీవీలు ఖరీదైనది కాదు గనుక 16, 18 పళ్ళవి రెండూ కొని కొన్ని వారాలు మార్చి చూడడం తెలివైన పని.

చైను పొడవు, బిగువు

చైను రెండు వెడల్పులలో దొరుకుతుంది. గేర్ల సైకిళ్ళకు 3/32 అంగుళం, ఒకే గేరు సైకిళ్ళకు 1/8 అంగుళం. వెడల్పు చైను సన్నని పళ్ళ మీద నడుస్తుంది గాని సన్నని చైను వెడల్పు పళ్ళ మీద కూర్చోదు. లింకుల మధ్య దూరం రెండింటికీ అర అంగుళమే. మామూలు చైనును ఒక్కసారికి ఒక అంగుళం చొప్పున మాత్రమే తగ్గించగలం, దాని వలన ఇరుసు అర అంగుళం జరుగుతుంది. వెనుక ఒక పన్ను పెంచినా తగ్గించినా ఇరుసు సుమారు మూడు మిల్లీమీటర్లు జరుగుతుంది. గాడి పొట్టిగా ఉన్న ఫ్రేములో సగం లింకు అనే ప్రత్యేక ముక్కను కలిపి సర్దుకోవచ్చు.

చైను మధ్యలో వేలితో పైకి కిందికి కదిపితే మొత్తం ఒక సెంటీమీటరు దాకా ఆడాలి. మరీ బిగిస్తే బేరింగులు త్వరగా అరుగుతాయి, తొక్కడం బరువవుతుంది. చైన్‌వీళ్ళు చాలావరకు సరిగ్గా గుండ్రంగా, కేంద్రంలో ఉండవు. అందువలన క్రాంకును నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి, చైను అన్నిటికంటే బిగిసే చోట ఈ పరీక్ష చేయాలి. వదులైన చోట పరీక్షించి బిగిస్తే బిగుసుకునే చోట చైను పట్టేస్తుంది. తొక్కే బలం ఇరుసు కుడివైపును ముందుకు లాగుతూ ఉంటుంది కాబట్టి నట్లను పానాతో గట్టిగా బిగించాలి. మార్పిడి చేసిన మొదటి వారంలో రెండు మూడు సార్లు చూసుకోవడం అవసరం.

బ్రేకులు

గేర్లతో పాటు బ్రేకులను కూడా తగ్గించి సైకిలును నున్నగా చూపించే పోకడ ఫిక్స్‌డ్ గేరు సైకిళ్ళ నుండి వచ్చింది. ఫిక్స్‌డ్ గేరులో పెడళ్ళను వెనుకకు ఒత్తి కొంతవరకు వేగం తగ్గించవచ్చు. ఫ్రీవీలు ఉన్న సైకిలులో ఆ అవకాశం ఏమాత్రం లేదు. రెండు బ్రేకులూ ఉండి తీరాలి. బ్రిటన్‌లో 1983 నాటి నిబంధనల ప్రకారం ఫ్రీవీలు గల మామూలు సైకిలుకు ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు బ్రేకులు తప్పనిసరి.

పాత సైకిళ్ళ క్రోమ్ పూత ఉక్కు రిమ్ములు వానలో తడిస్తే బ్రేకు దాదాపు పట్టదు. వాటి స్థానంలో అల్యూమినియం రిమ్ములు వేయడం భద్రత విషయంలో మార్పిడి మొత్తంలోకి విలువైన ఖర్చు. అయితే పాత 27 అంగుళాల రిమ్ము టైరు కూర్చునే చోట వ్యాసం 630 మిల్లీమీటర్లు, కొత్తగా దొరికే 700సి రిమ్ముకు 622 మిల్లీమీటర్లు. అంటే బ్రేకు రబ్బర్లు నాలుగు మిల్లీమీటర్లు కిందికి అందాలి. కొన్ని బ్రేకులలో ఆ జాగా ఉంటుంది, లేనిచోట పొడుగు చేతుల బ్రేకులు కొనాలి. చక్రం చిన్నదైనందువలన కొంచెం లావు టైర్లకు, మడ్గార్డులకు చోటు దొరుకుతుంది. పేర్లు దగ్గరగా ఉన్నా మన నల్ల సైకిలు 28 అంగుళాల టైరు ఈ రెండింటిలో దేనికీ సరిపోదు. దాని కొలత 635 మిల్లీమీటర్లు.

పరిమితులు

నిత్యం పెద్ద ఎత్తులు ఎక్కవలసినవారికి, బరువులు మోసేవారికి, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి ఈ మార్పిడి తగదు. దిగుడులో ఒక వేగం దాటిన తరువాత కాళ్ళు చైనును అందుకోలేవు, తొక్కడం ఆపి సైకిలును పోనివ్వడమే. పాత గేర్లు సరిగ్గా పనిచేస్తూ ఉన్న సైకిలును మార్చడంలో అర్థం లేదు. కేబులు మార్చి నూనె వేస్తే చాలు.

ఒకే గేరు చాలక, డీరైలరు వద్దనుకునేవారు హబ్బు లోపలే గేర్లు ఉండే చక్రాన్ని వాడతారు. ఇంగ్లాండులోని నాటింగ్‌హాంలో 1902లో మొదలైన స్టర్మీ ఆర్చర్ సంస్థ మూడు గేర్ల హబ్బులకు ప్రసిద్ధి. 2000 సంవత్సరంలో తైవాన్‌కు చెందిన సన్‌రేస్ చేతికి వచ్చిన తరువాత కూడా ఇవి తయారవుతూ ఉన్నాయి. దీనికీ బయట ఒకే చైను, ఒకే పళ్ళచక్రం, అవే అడ్డ గాళ్ళు కావాలి కాబట్టి, ఒకసారి సింగిల్ స్పీడ్‌గా మార్చిన ఫ్రేములో వెనుక చక్రాన్ని మార్చి, ఒక లీవరు, ఒక కేబులు చేర్చి దీనిని అమర్చుకోవచ్చు.